పిల్లలు జవాబు చెప్పేంతసేపు

మార్చి 4, సోమవారం

ప్రూఫులు వచ్చాయి. నూట పన్నెండు పేజీలు. గంటన్నరకి ముప్పై ఏళ్ళు నిండుతున్నాయని ఛానెల్ వాళ్ళు వేస్తున్న చరిత్ర పుస్తకం. ఏడున్నర నుంచి తొమ్మిది దాకా, ఇంకా బడికి వెళ్ళని పిల్లల కోసం వచ్చే కార్యక్రమాలు. పైవాళ్ళు వాటికి ఎన్ని పేర్లు మార్చినా స్టూడియోలో మేం మాత్రం గంటన్నర అనే అంటాం.

పుస్తకం రాసిన అమ్మాయి స్వయంగా తెచ్చి ఇచ్చింది. "తేదీలూ పేర్లూ మీకు తప్ప ఎవరికీ గుర్తు లేవట, అక్కయ్యగారూ. చదివి ప్రతి పేజీ కింద 'సరిచూశాను' అని సంతకం పెట్టండి. మీ సంతకం లేనిదే ప్రెస్సుకి పంపద్దన్నారు" అంది. మర్యాదగల పిల్ల. పెన్ను కూడా తెచ్చింది.

ఎనిమిది పేజీలకి పెట్టాను. తొమ్మిదో పేజీ దగ్గర ఆగాను.

"ప్రశ్న అడిగాక, ఇంట్లో కూర్చున్న పిల్లలు జవాబు చెప్పేంతసేపు తెర మీది మనిషి మాట్లాడకుండా ఎదురుచూడటమే ఈ కార్యక్రమానికి ప్రాణం. ఏడు సెకన్ల ఈ మౌనాన్ని దర్శకులు సుదీర్ఘ పరిశోధన చేసి రూపొందించారు."

దర్శకులంటే మా తమ్ముడు. పరిశోధన! వాడు అప్పటికి ఇరవై నాలుగేళ్ళవాడు. చొక్కాకి బొత్తాలు సరిగ్గా పెట్టుకున్న రోజు తక్కువ.

మిగతా పేజీలన్నీ తిరగేశాను. చిన్నది లేదు. నూట పన్నెండు పేజీల్లో ఎక్కడా మా చెల్లెలి పేరు లేదు. పదకొండో పేజీలో మొదటి రోజు ఫొటో వేశారు. అట్ట కిటికీ ఉంది, బొమ్మ ఏనుగు ఉంది, కిటికీ చట్రం మీద ఒక చెయ్యి ఉంది. మోచేతి దగ్గర ఫొటో కత్తిరించేశారు. ఆ చెయ్యి దానిది.

ప్రూఫులు మూసి ప్రార్థనకి కూర్చున్నాను.

కోపం లేదు.

మార్చి 5, మంగళవారం

పొద్దున్న ప్రార్థనలో రెండుసార్లు మాట తప్పాను. కోపం లేదు.

మార్చి 6, బుధవారం

ఇది నాకోసమే రాసుకుంటున్నాను. ఎవరూ రాయరు కాబట్టి.

అప్పట్లో మాకిచ్చింది పాత సామాన్ల గది. కుర్చీలు ఒక మూలకి నెట్టి, గోడకి నీలం రంగు కొట్టి, స్టూడియో అన్నారు. రికార్డు చేయడానికి టేపు అడిగితే పై అధికారి నవ్వాడు. "మూడేళ్ళ పిల్లలకి టేపెందుకమ్మా? నిన్న చూసింది వాళ్ళకి గుర్తుంటుందా?" అన్నాడు. అందుకని అంతా లైవ్. తప్పు పోతే తప్పే తెర మీదికి పోతుంది.

పిల్లల కార్యక్రమం అంటే ఎవరూ ముందుకి రాలేదు. తమ్ముడు వచ్చాడు. వాడు పైన అద్దాల గదిలో దర్శకత్వం. నేను ఫ్లోర్ మీద, కెమెరా పక్కన. చెవులకి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వాడు చెప్పింది చేతులతో సైగ చేయడం నా పని. కెమెరా ముందు నిలబడ్డానికి మనిషి దొరక్క ఇంట్లోనే ఉన్న చిన్నదాన్ని పట్టుకొచ్చాం. దానికి ఇరవై ఏళ్ళు. పుట్టినప్పటి నుంచీ నెమ్మది. ఒక మాట అడిగితే లోపలికి వెళ్ళి వెతికి తెచ్చి ఇచ్చినట్టు జవాబు చెప్పేది. తమ్ముడు దాన్ని నత్త అనేవాడు. అమ్మ పోయాక దాన్ని పెంచింది నేను. దానికి చెప్పులు వేసుకోవడం నేర్పింది నేను.

మొదటి రోజు. ఏడూ ముప్పై రెండు. అట్ట కిటికీ పక్కన నిలబడి కెమెరాలోకి చూసి, "మీ ఇంట్లో కిటికీ ఎటుంది? చూపించండి" అంది. తర్వాత దానికో పాట ఉంది. పాట మరిచిపోయింది.

నిలబడిపోయింది. అలాగే కెమెరాలోకి చూస్తోంది. నా చెవిలో తమ్ముడు, "మాట్లాడించు అక్కా, మాట్లాడించు, చచ్చాం, చచ్చాం!" అని అరుస్తున్నాడు. నేనేం చేయను? చెయ్యి పైకెత్తి ఉంచాను, ఆగు అన్నట్టు. మనసులో, దేవుడా దానికి మాట ఇయ్యి అని ఒక ప్రార్థన మొత్తం చదువుకున్నాను. చదవడం అయ్యింది. చెయ్యి దించాను.

చిన్నది నవ్వింది. "ఆఁ, కనిపించింది. తలుపు పక్కన ఉన్నదేనా? బాగుంది" అంది.

ఎవరో చెప్తే విన్నట్టే అంది. అది ఎవరూ నేర్పింది కాదు. పాట మరిచిపోయిన పిల్ల, తనకి జవాబు వచ్చిందనే నమ్మింది.

ఏడు సెకన్లు అని రాశారు. వాచీ పెట్టి కొలిచిందెవరు? అది నా ప్రార్థనకి పట్టే సేపు. ముప్పై ఏళ్ళుగా ఫ్లోర్ మీద చెయ్యెత్తి దించుతున్నది దాన్ని బట్టే. తమ్ముడికి ఇప్పటికీ తెలియదు.

పరిశోధనట.

మార్చి 7, గురువారం

తమ్ముడి గదికి వెళ్ళాను. ఇప్పుడు గంటన్నర మొత్తానికీ అధిపతి వాడే. గోడ నిండా జ్ఞాపికలు. కూర్చోమన్నాడు. కూర్చోలేదు.

"తొమ్మిదో పేజీ మార్చు" అన్నాను.

"ఏం తప్పుందక్కా? తేదీ తప్పా?"

"తేదీ సరిగ్గానే ఉంది. మనిషే లేదు."

వాడికి అర్థమైంది. బల్ల మీది కాగితాలు సర్దాడు. అర్థమైనప్పుడు వాడు ఏదో ఒకటి సర్దుతాడు, చిన్నప్పటి నుంచీ అంతే.

"చూడక్కా, అది పాట మరిచిపోయిందని చరిత్రలో రాసుకుంటామా? పుస్తకం పట్టుకుని నవ్వుతారు. పొరపాటుని పద్ధతి చేసింది ఎవరు? నేను. స్క్రిప్టులో 'ఇక్కడ ఆగాలి' అని మొదట రాసిందెవరు? నేను."

"దాన్ని చూసి రాశావు."

"వానని చూసి గొడుగు కనిపెట్టినవాడు వానకి దండం పెట్టి కూర్చుంటాడా?"

మాటలకేం, వాడికి ఎప్పుడూ కొదవ లేదు. మా ముగ్గురికీ దేవుడిచ్చిన మాటలన్నీ వాడొక్కడే పట్టుకుపోయాడు.

"దాని చెయ్యి ఉంచి ముఖం కత్తిరించావురా. నీకు చేతులెలా వచ్చాయి?" అన్నాను.

అప్పుడన్నాడు. నెమ్మదిగానే అన్నాడు. "నేను ఫొటోలోంచే తీశానక్కా. స్టూడియోలోంచి తీయించింది నువ్వు."

లేచి... కాదు, నిలబడే ఉన్నాను. బయటికి వచ్చేశాను. తలుపు వేయలేదు. వాడే లేచి వేసుకుంటాడు.

ఎంత మాట!

మార్చి 8, శుక్రవారం

నేను తీయించలేదు. కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకోమన్నాను. అంతే.

మార్చి 10, ఆదివారం

మా బొమ్మ ఏనుగుని ఆడించిన బొమ్మలాయన ఇంటికి వెళ్ళాను. మొదటి రోజు ఆ గదిలో ఉన్నవాళ్ళలో ఇప్పుడు బతికి ఉన్నది మేం ముగ్గురం కాక ఆయనే. ఎనభై దాటాయి. చూపు తగ్గింది. అయినా ఒళ్ళో ఏదో గుడ్డ పెట్టుకుని వేళ్ళతో తడుముతూ కుడుతున్నాడు.

"ఏనుగా?" అన్నాను.

"ఏనుగవుతుందో ఎలుకవుతుందో తొండం పెట్టాక తెలుస్తుంది" అన్నాడు.

పుస్తకం సంగతి చెప్పాను. చిన్నది, పిల్లలు కిటికీ పిన్ని అని పిలిచే మనిషి, లేదన్నాను. కుట్టడం ఆపాడు.

"లేదా? కిటికీ పిన్ని లేకుండా గంటన్నరా? తొండం లేకుండా ఏనుగు అన్నట్టుంది." సూది గుడ్డలో గుచ్చాడు. "ఆ పిల్ల కిటికీ అవతల నిలబడి అడిగితే, కింద దాక్కున్న నాకే జవాబు చెప్పాలనిపించేది. ఓసారి చెప్పేశాను కూడా. మీ తమ్ముడు చెవులు మెలేసినంత పని చేశాడు. అవునూ, ఆ ఉత్తరాలు పుస్తకంలో వేయమనరాదూ? సంచుల కొద్దీ వచ్చేవిగా ఆ పిల్లకి. నువ్వేగా అందుకునేదానివి."

"పోయుంటాయి" అన్నాను.

"అయ్యో" అన్నాడు.

టీ ఇచ్చారు. తాగకుండా వచ్చాను.

అబద్ధం చెప్పలేదు. పోయుంటాయి అన్నాను. పోయాయి అనలేదు. సంచుల కొద్దీ కూడా కాదు. నలభై ఒకటి.

మార్చి 11, సోమవారం

ట్రంకు పెట్టె మీది దుప్పట్లు ఉతికి ఆరేశాను. పెట్టె తెరవలేదు.

మార్చి 14, గురువారం

తమ్ముడు తొమ్మిదో పేజీ మార్చి పంపాడు. పుస్తకం అమ్మాయి చేతికిచ్చి పంపాడు, తను రాలేదు.

పైన అంతా అదే. పరిశోధన, సుదీర్ఘం, అన్నీ ఉన్నాయి. అడుగున ఒక వాక్యం చేర్చాడు. "తొలి నెలల్లో పాల్గొన్న నటి ఒకరు వ్యక్తిగత కారణాల వల్ల స్వయంగా తప్పుకున్నారు."

నటి ఒకరు.

సొంత చెల్లెలు నటి ఒకరు అయ్యిందా? వాడికి జ్వరం వస్తే పక్కన కూర్చుని విసనకర్రతో విసిరిన పిల్ల, నటి ఒకరు! స్వయంగా తప్పుకుందట! ఎవరితో చెప్పి తప్పుకుంది? వాకిట్లో కూర్చుని మూడు రోజులు అన్నం ముట్టని పిల్ల స్వయంగా తప్పుకుందా? తప్పుకున్నవాళ్ళు అలా ఏడుస్తారా?

ప్రూఫు కాగితం నలిపేశాను. నా జీవితంలో కాగితం నలిపింది లేదు. మళ్ళీ సాపు చేశాను.

స్వయంగా.

ఆ మాట తమ్ముడి దగ్గర పుట్టలేదు. అది నా మాట. పై అధికారికి ఆ రోజు అర్జీ రాసింది నేను. "మా చెల్లెలు స్వయంగా తప్పుకుంటోంది" అని. వాడు ముప్పై ఏళ్ళ కిందటి కాగితం వెతికి, చూసి రాశాడు.

పెట్టె తెరిచాను.

అదే రోజు, సాయంత్రం

నలభై ఒకటీ ఉన్నాయి. రిబ్బను కట్టి పెట్టాను. కట్టినప్పుడు ఏ రంగో గుర్తులేదు, ఇప్పుడు ఏ రంగూ లేదు.

ఒక తల్లి రాసింది: "మా బాబుకి నాలుగో ఏడు. ఇంతవరకు ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడలేదు. మొన్న మీరు కిటికీ ఎటుందని అడిగి ఆగారు. వాడు లేచి వెళ్ళి కిటికీ మీద చెయ్యి వేసి 'ఇదిగో' అన్నాడు. మీరు 'ఆఁ, కనిపించింది' అన్నారు. అప్పటినుంచి ఇల్లంతా తిరిగి అన్నీ ముట్టుకుని 'ఇదిగో' అంటున్నాడు. మా ఆయన స్నానాల గదిలోకి వెళ్ళి ఏడ్చారు. మీరు ఎవరో, ఎక్కడుంటారో తెలియదు."

ఒక లారీ డ్రైవరు: "మా పాప మీకు జవాబు చెప్పాకే పాలు తాగుతోంది. తొందరపడకండి. ఇప్పుడు ఆగుతున్నంతసేపే ఆగండి."

ఇంకొకదాంట్లో అక్షరాలు లేవు. ఒక కిటికీ బొమ్మ, అందులో గుండ్రటి ముఖం. వెనకాల ఎవరో పెద్దవాళ్ళు "కిటికీ పిన్నికి" అని రాశారు.

చదివాను. అప్పుడూ చదివాను.

రాసేస్తాను.

ఏడు నెలలు చేసింది చిన్నది. మొదటి రోజు తర్వాత తమ్ముడు పాట తీసేసి ప్రశ్నలు పెంచాడు. ప్రశ్న అడిగిన ప్రతిసారీ అది నిజంగానే ఎదురుచూసేది. ఎంతసేపు ఆగుతుందో ఎవరికీ తెలియదు. నేను చెయ్యి దించినా ఒక్కోసారి ఆగేది. "ఇంకా చెప్తున్నారక్కా" అనేది తర్వాత. ఆ సేపంతా నా గుండె నా చేతుల్లో ఉండేది కాదు. ఈసారి నిజంగా మరిచిపోయిందేమో, ఈసారి మనం ముగ్గురం వీధిన పడతామేమో అనుకునేదాన్ని. రోజూ. ఏడు నెలలు.

ఉత్తరాలు విప్పేది నేను. అన్నీ దానికే. నాకు ఒక్కటీ రాలేదు. కెమెరా వెనకాల ఉన్నవాళ్ళకి ఎవరు రాస్తారు? అది కారణం కాదు.

ఒకనాడు సాయంత్రం దాన్ని కూర్చోబెట్టి చెప్పాను. తల్లులు ఉత్తరాలు రాస్తున్నారని. నువ్వలా మాట్లాడకుండా కళ్ళార్పకుండా చూస్తుంటే పిల్లలు జడుసుకుంటున్నారని. రాత్రిళ్ళు లేచి ఏడుస్తున్నారని. కొన్నాళ్ళు వద్దులేమ్మా అని. తల నిమురుతూ చెప్పాను.

అది చాలాసేపటికి, "ఎంతమంది రాశారక్కా?" అంది.

"నలభై దాకా" అన్నాను.

లెక్క మాత్రం నిజం చెప్పాను.

కొత్తావిడ వచ్చింది. గడగడా మాట్లాడేది. నెల తిరక్కుండా మళ్ళీ ఉత్తరాలు, "కిటికీ పిన్ని ఏది? ఈవిడ మా మాట వినిపించుకోదు" అని. అప్పుడు తమ్ముడు స్క్రిప్టులో 'ఇక్కడ ఆగాలి' అని రాశాడు. నేను చెయ్యెత్తి నిలబడ్డాను. ఖాళీ ఉంచాం. మనిషిని తీసేశాం.

అది కూడా కారణమే. నాకు ఒక్కటీ రాకపోవడం.

మార్చి 15, శుక్రవారం

పుస్తకం అమ్మాయికి ఒక కాగితం ఇచ్చాను. తొమ్మిదో పేజీలో వేయమన్నాను. చదివి ఎర్రబడింది.

"అక్కయ్యగారూ, ఇది వేస్తే సార్ కంటే మీకే ఎక్కువ చెడ్డపేరు."

"వెయ్యి."

"ఆ దాచిన సంగతి తీసేసి, మీ చెల్లెలుగారి పేరు మాత్రం వేద్దామా? అదే కదా మీరు అడిగింది?"

తెలివిగల పిల్ల. మంచిది కూడా. నిజంగా అదే అడిగాను, ఎనిమిది రోజుల కిందట.

"అప్పుడది మళ్ళీ 'స్వయంగా' అవుతుందమ్మా" అన్నాను.

మధ్యాహ్నం తమ్ముడి ఫోను. "నీకేమైనా మతి పోయిందా? ఇంటి గుట్టు తీసుకెళ్ళి అచ్చేయిస్తావా? ముప్పై ఏళ్ళ పండగలో చావు వార్త చదివినట్టు! ఉత్తరాలు దాచావా నువ్వు? నాక్కూడా చెప్పకుండా? అందరికీ అక్కయ్యవి, దేవుడి గదిలోంచి బయటికి రానిదానివి!"

"అవును" అన్నాను.

"వేయను."

"వేయకు. మిగతా నూట నాలుగు పేజీలకి నువ్వే పెట్టుకో సంతకం."

ఫోను పెట్టేశాడు.

వాడి మీద నాకు కోపం ఉంది. ఉందని రాస్తున్నాను. పేరు ఎత్తుకుపోయినవాడు పేరు గురించి నాకు నీతి చెప్పడమా! కానీ నా మీద ఉన్నంత లేదు. ఇన్నాళ్ళూ రెండూ కలిపి వాడి ఖాతాలోనే వేశాను.

మార్చి 16, శనివారం

చిన్నది అచ్చులో చూసి తెలుసుకోకూడదని దాని దగ్గరికి వెళ్ళాను. అది కళ్ళ ఆసుపత్రిలో చిన్న పిల్లలకి చూపు పరీక్ష చేస్తుంది. ఇరవై రెండేళ్ళయింది. నేనెప్పుడూ లోపలికి వెళ్ళి చూడలేదు.

చీకటి గది. గోడ మీద వెలుగుతున్న పలక. అక్షరాలు రాని పిల్లలకి బొమ్మలు: ఇల్లు, పడవ, చెట్టు. ఎత్తు కుర్చీలో ఒక పాప, ఒక కంటికి అట్ట.

"అదేంటమ్మా?" అంది చిన్నది.

పాప మాట్లాడలేదు. పక్కనున్న తల్లి, "చెప్పవే, ఇల్లు కదా, ఇల్లూ..." అంది.

"మీరు చెప్పకండి. కళ్ళద్దాలు మీకు కాదు" అంది చిన్నది. మళ్ళీ పాపని చూస్తూ నిలబడింది. ఊరికే. తొందర లేదు, విసుగు లేదు. నా చెయ్యి దానంతట అదే పైకి లేచింది. దించుకున్నాను.

"పలవ" అంది పాప.

"ఆఁ. పడవే" అంది చిన్నది.

పాప వెళ్ళాక నన్ను చూసింది. "ఏంటక్కా, ఇన్నాళ్ళకి? కళ్ళు మసకబారాయా? ఇక్కడ ఐదేళ్ళ లోపువాళ్ళకే. ఎదురుగది పెద్దవాళ్ళది."

ఉత్తరాల సంచి బల్ల మీద పెట్టాను. నిలబడే చెప్పాను. ఎక్కువ మాటలు పట్టలేదు. ముప్పై ఏళ్ళు దాచింది నాలుగు వాక్యాల్లో అయిపోయింది.

చిన్నది పైన ఉన్న ఉత్తరం తీసి చదివింది. అందులో ఏముందో నాకు తెలుసు. మడత పెట్టింది.

"అంటే జడుసుకున్నది పిల్లలు కాదు" అంది. "నువ్వు."

"అవునమ్మా."

"అమ్మా గిమ్మా అనకు." గొంతు పెంచలేదు. పెంచితే బాగుండేది. "నా కూతురు పుట్టినప్పుడు ఉయ్యాల దగ్గరికి వెళ్ళడానికి భయపడ్డానక్కా. నేను మాట్లాడకుండా చూస్తే పిల్లలు జడుసుకుంటారు కదా, నలభై మంది తల్లులు రాశారు కదా. అందుకని వంగినప్పుడల్లా గబగబా ఏదో ఒకటి వాగేదాన్ని. నేను! వాగేదాన్ని! నాకు మాటలు దొరికేవి కావు, అంకెలు లెక్కపెట్టేదాన్ని. దానికి ఏడాదొచ్చేదాకా దాని ముఖం కుదురుగా చూడలేదు. అది ఇస్తావా నాకు? ఈ సంచిలో ఉందా అది?"

మడత పెట్టిన ఉత్తరం తీసి మళ్ళీ సంచిలో పెట్టాను.

"అన్నయ్యకి తెలుసా?"

"నిన్నటిదాకా తెలియదు."

"వాడు పేరు తీసుకున్నాడు, పోనీ. అది వాడి గుణం. నువ్వు తల నిమురుతూ చెప్పావక్కా."

తలుపు దగ్గర తర్వాతి పిల్ల ఏడుపు వినిపించింది. "వెళ్ళు. పిల్ల వస్తోంది" అంది. సంచి లోపలికి తీసుకుంది.

మార్చి 17, ఆదివారం

దేవుడా, నీకు ముప్పై ఏళ్ళుగా అన్నీ చెప్పుకున్నాను. ఇదొక్కటి చెప్పలేదు. నీకు తెలుసులే అనుకున్నాను. చెప్పాల్సింది నీకు కాదని తెలిసే నీ దగ్గర కూర్చున్నానేమో.

మార్చి 18, సోమవారం

ఫోను రాలేదు.

మార్చి 20, బుధవారం

తొమ్మిదో పేజీ వచ్చింది. పరిశోధన పోయింది. చిన్నదాని పేరు, ఆ రోజు అది అన్న మాట, కింద నా కాగితం ఉన్నదున్నట్టు: "ఈ పద్ధతి నా చెల్లెలి వల్ల పుట్టింది. ఆమె స్వయంగా తప్పుకోలేదు. ప్రేక్షకుల ఉత్తరాలు దాచి, అబద్ధం చెప్పి ఆమెను తీయించింది నేను." ఫొటో కూడా మొత్తం వేశారు. ముఖం ఎలా ఉందంటే, ఇప్పుడే ఎవరో ఏదో చెప్పబోతున్నట్టుంది.

నూట నాలుగు పేజీలకీ సంతకం పెట్టాను.

తమ్ముడు ఫ్లోర్ మీద నాతో మాట్లాడటం లేదు. హెడ్‌ఫోన్స్‌లో చెప్పాల్సింది కెమెరామన్‌కి చెప్తున్నాడు, అతను నాకు చెప్తున్నాడు. చెవిలో వాడి గొంతు నాకు వినిపిస్తూనే ఉంది కదా. అయినా అతను చెప్పేదాకా ఆగుతున్నాను.

మార్చి 23, శనివారం

ఫోను రాలేదు.

మార్చి 26, మంగళవారం

మాకు కాఫీ తెచ్చే ఆవిడ నా ముందు కప్పు పెట్టి ఏమీ అనకుండా వెళ్ళింది. రోజూ ఏదో ఒకటి అనేది. పుస్తకం బయటికి రాకముందే సంగతి వచ్చేసింది. అక్కయ్యగారూ అని పిలిచేవాళ్ళు కొందరు మేడమ్ అంటున్నారు. మంచిదే. అక్క అనిపించుకోవడం ఇన్నాళ్ళూ మరీ చవగ్గా దొరికింది.

మార్చి 29, శుక్రవారం

ఫోను వచ్చింది.

"వీటికి జవాబులు రాశావా?" అంది. పలకరింపు లేదు.

"వేటికి?"

"ఉత్తరాలకి. నలభై ఒకటి. ఒక్కదానికైనా రాశావా?"

"లేదు."

"మనుషులు అంత ప్రేమగా రాస్తే, ఏమీ చెప్పకుండా ఊరుకున్నావు. నా పేరు మీద." ఈసారి గొంతు పెరిగింది. "ఆ లారీ డ్రైవరు ఏమనుకుని ఉంటాడు? పొగరుబోతు మనిషి అనుకోడూ? ఆ పిల్లాడి తల్లి?"

నాకిది ఎప్పుడూ తోచలేదు. దానికి చేసినదే చూసుకుంటున్నాను ఇన్ని రోజులూ. వాళ్ళకి కూడా చేశాను.

"ఆదివారం రా" అంది. "పెన్ను తెచ్చుకో. నీ చేతిరాతే బాగుంటుంది."

మార్చి 31, ఆదివారం

వెళ్ళాను. వంటింటి బల్ల ఖాళీ చేసి ఉంచింది. కవర్లు, కాగితాలు, స్టాంపులు కొని పెట్టింది. ఉత్తరాలు తారీఖుల వరసన పేర్చింది.

"చిరునామాలు మారిపోయి ఉంటాయి. ఆ పిల్లలకే పిల్లలు పుట్టి ఉంటారు" అన్నాను.

"తిరిగొస్తే రానీ. మనం పంపలేదన్నది ఉండదు."

అది చెప్తోంది. నేను రాస్తున్నాను. ఒక్కో మాటకీ దానికి పట్టేంత టైము పట్టింది. మొదటిది ఆ బాబు తల్లికి.

"'మీ ఉత్తరం నాకు ఈ నెల పదహారున అందింది.' రాశావా?"

"రాశాను."

"'ఇన్నాళ్ళూ అందకపోవడానికి కారణం...'" ఆగింది. నేను పెన్ను పట్టుకుని కూర్చున్నాను. ముఖం ఎత్తలేదు. "'కారణం, మా అక్క దాచింది.' అంతే రాయి. ఎందుకో ఏమిటో వద్దు."

రాశాను. ఆ నాలుగు మాటలూ నా చేతిరాతలో చక్కగా, గుండ్రంగా వచ్చాయి.

తర్వాత ఆ బాబు గురించి రాయించింది. 'ఇదిగో' అన్నవాడు ఇప్పుడు ఏమేం అంటున్నాడో తెలుసుకోవాలని ఉంది అని. అడుగున సంతకం అది పెట్టింది. కిటికీ పిన్ని అని పెట్టి, పక్కన తన అసలు పేరు రాసింది.

మధ్యాహ్నానికి తొమ్మిది అయ్యాయి. మధ్యలో లేచి రెండు కప్పుల టీ పెట్టింది. ఒకటి నా వైపు జరిపింది. తాగమనలేదు. తాగాను.

పదోది లారీ డ్రైవరుది. పై రెండు వాక్యాలూ దాన్ని అడక్కుండానే రాయబోయి ఆగాను. వేళ్ళు నొప్పెడుతున్నాయి. "దీంట్లో కూడా అదే రాయనా? కారణం?" అన్నాను.

"నలభై ఒకటింటిలోనూ" అంది. "ఒక్క మాట మార్చకు."